ఆర్జియా చూపించిన ఊరు

"అమ్మాయ్ నీవెస్, నీ స్నేహితురాలి మొగుడితో చెప్పు, ఆ రొట్టె బుట్ట ఇటు జరపమని."

రొట్టె బుట్ట ఇవానో మోచేతి పక్కనే ఉంది. అతని తల్లి ఆర్జియా కుర్చీకీ అతని కుర్చీకీ మధ్య బారెడు దూరం కూడా లేదు. అయినా నీవెస్ తల తిప్పి, "ఇవానోగారూ, రొట్టె..." అంది.

"మా అమ్మతో చెప్పండి. ఆవిడ నోరు తెరిచి నన్నడిగితే బుట్టేం ఖర్మ, బల్ల మొత్తం జరుపుతానని."

"సైకిలు మెకానిక్కులతో నేను మాట్లాడనని చెప్పు."

"మెకానిక్కుని కాదు, కొడుకునని చెప్పండి."

"కొడుకైతే కన్నతల్లి కాళ్ళు తీసుకుపోయి గొలుసేసి కడతాడా అని అడుగు."

లోరెదానా లేచి బుట్ట తీసి అత్తగారి ముందు టప్పున పెట్టింది. "మీరిద్దరూ కలిసి నా స్నేహితురాలిని టెలిఫోను తీగ చేసేశారు. అది త్రియెస్తె నుంచి ఊరు చూడ్డానికొచ్చింది, మీ మాటలు మొయ్యడానికి కాదు."

గుమ్మడికాయ కూరిన పాస్తా పళ్ళేల్లో చల్లారిపోతోంది. ఇవానో చేతిగుడ్డ తీసుకుని వేళ్ళు తుడుచుకున్నాడు, చిటికెన వేలితో మొదలుపెట్టి బొటనవేలి దాకా ఒక్కొక్కటే. షాపులో గ్రీజు తుడుచుకునే అలవాటు, భోజనాల బల్ల దగ్గర కూడా వదల్లేదు.

మూడు వారాల కిందట, ఎనభై మూడేళ్ళ ఆర్జియా సైకిలు మీంచి పడింది. కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి. ఆ రోజే ఇవానో ఆవిడ ఆకుపచ్చ సైకిలు తన షాపులో వెనక గోడకి గొలుసేసి కట్టేశాడు. తాళంచెవి అతని నడుము దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఆవేళ నుంచి తల్లి కొడుకుతో మాట్లాడలేదు. ఈ ఫెర్రారా ఊళ్ళోనే పుట్టి, ఏడో ఏట సైకిలెక్కి, పెళ్ళికి కూడా సైకిలు మీదే వెళ్ళిన మనిషి.

నీవెస్ వచ్చింది సోమవారం. శుక్రవారం వెళ్ళిపోవాలి. ఆమె, లోరెదానా చదువుకునే రోజుల్లో పదువాలో ఒకే గదిలో ఉన్నారు. లోరెదానా పనిచేసే బడి ఆఫీసులో ఈ వారం మధ్యాహ్నాలు కూడా పని పడింది. అందుకని నిన్న నీవెస్ ఒక్కతే పటం పట్టుకుని కోట చుట్టూ రెండుసార్లు తిరిగి, మూడోసారి దారి తప్పింది.

"ఇవాళ ఈ అమ్మాయికి ఊరు నేను చూపిస్తాను," అంది ఆర్జియా, కొమ్ములా మెలితిరిగిన రొట్టె కొస విరుస్తూ.

ఇవానో ఫోర్కు గాల్లోనే ఆగింది. "నడిచా?"

"కాళ్ళతోనని చెప్పు. అవింకా ఆయన షాపులో లేవు."

ఇవానో ఫోర్కు కింద పెట్టాడు. "ఏయే చోట్లకి?" అని నీవెస్‌ని అడిగాడు. ఆమె తెలియదన్నట్టు భుజాలెగరేసింది. కాఫీ తాగి లేచేముందు అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. పుట్టి పెరిగిన ఊళ్ళో చూసే చోట్ల గురించి ఒకే మనిషి రెండుసార్లు ఎందుకడుగుతాడో నీవెస్‌కి అర్థం కాలేదు. త్రియెస్తె ఓడరేవు కస్టమ్స్‌లో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేసి రిటైరైంది ఆమె. ఇతరుల పెట్టెల్లో ఏముందో తెలుసుకోవడమే ఉద్యోగం. ఉద్యోగం పోయింది గాని ఆ బుద్ధి పోలేదు.

*

"నువ్వొచ్చిన వేళ మంచిది," అంది లోరెదానా పళ్ళేలు కడుగుతూ, గొంతు తగ్గించి. "నాకొక పని చేసిపెట్టాలే."

"ఏమిటది?"

"రెండేళ్ళ నుంచీ ఈవిడ రోజూ మూడింటికి సైకిలెక్కేది. ఐదింటికి తిరిగొచ్చేది. ఎక్కడికి అత్తయ్యా అంటే గాలికి అనేది. నవంబరులో మన పొగమంచు నీకు తెలుసుగా, ముందు చక్రం కూడా కనపడదు. అప్పుడు కూడా గాలికేనట!"

"ఇవానోని అడగలేకపోయావా?"

"అడిగాను. ఆవిడ పడ్డాక మళ్ళీ అడిగితే నీకెందుకు అన్నాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నాతో ఆ మాట అనలేదు."

"ముసలాయనెవరైనా ఉన్నాడేమో," అంది నీవెస్.

ఇద్దరూ నోళ్ళు నొక్కుకుని నవ్వారు.

"ఉంటే ఉండనీ. పెళ్ళికి కేకు నేనే చేస్తాను." లోరెదానా నవ్వు ఆగిపోయింది. "అది కాదే. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో వండుతున్నాను, ఉతుకుతున్నాను. మావగారు పోయేదాకా పక్కన కూర్చున్నాను. అయినా ఈ ఇంట్లో నాకు తాళంచెవి ఇవ్వని గది ఇంకా ఒకటుంది. అందులో ఏముందన్నా ఫరవాలేదు. ఉందని తెలిసీ తెలియనట్టు తిరగడమే నా వల్ల కావడం లేదు. నువ్వు కనుక్కో."

నీవెస్ సరేనంది. నిజం చెప్పాలంటే, లోరెదానా అడక్కపోయినా ఆ పని చేసేదే.

*

ఆర్జియా చూపించే తీరు వేరు. కోట ముందు అర నిమిషం నిలబడింది. "కోట. కందకంలో చేపలున్నాయి. పద." పెద్ద చర్చి దగ్గర ఇంకొంచెం నయం. గుమ్మం పక్కన రాతి సింహం వీపు మీద చెయ్యేసి, "చిన్నప్పుడు దీని మీదెక్కి కూర్చునేవాళ్ళం. మా ముందు వాళ్ళూ కూర్చున్నారు. అందుకే ఇంత నున్నగా ఉంది. చెక్కినవాడి గొప్పేం లేదు," అంది.

నాలుగడుగులకొకరు ఆపుతున్నారు. ముందు పళ్ళ దుకాణం ఆవిడ.

"ఏంటి ఆర్జియాగారూ, నడిచొస్తున్నారు! సైకిలేదీ?"

"రంగు వేయిస్తున్నాను. పాతదైపోయింది కదా."

సిగరెట్ల కొట్టు గుమ్మంలో నిలబడ్డ మనిషి అడిగితే, కొమాక్కియోలో ఉన్న చుట్టాలమ్మాయి వారం రోజులకని పట్టుకెళ్ళిందని చెప్పింది. సైకిలు మీద వస్తూ పక్కన కాలు ఆన్చి ఆగిన ఓ టోపీ ముసలాయనకైతే, అంత పాత మోడలు ఇంకెక్కడా లేదని ఎవరో ఫొటోలు తీయడానికి అడిగి తీసుకెళ్ళారని చెప్పింది. ఆయన టోపీ తీసి మరీ అభినందించాడు.

"ముగ్గురికి మూడు అబద్ధాలు," అంది నీవెస్, ఆయన దాటిపోయాక.

"కొడుకుది సైకిళ్ళ షాపు. కన్నతల్లి సైకిలు వాడే లాక్కున్నాడని తెలిస్తే, రేపట్నుంచి వాడి దగ్గర పంక్చరైనా ఎవడు వేయించుకుంటాడు?"

"అంత కోపంలో కూడా వాడి షాపు గురించే ఆలోచిస్తున్నారు!"

"కోపం నాది. షాపు వాడిది. రెండూ ఎందుకు కలుపుతావు?"

కమానుల వీధిలోకి తిరిగారు. నేలంతా గులకరాళ్ళు. ఆర్జియా ఎడమ మోకాలు ముందు మొరాయించింది, తర్వాత తప్పక నడిచింది. ఆవిడ నీవెస్ మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు చూస్తే ఇంతసేపూ పట్టుకోకుండా ఎలా నడిచిందా అనిపించింది.

"టైమెంత?"

"మూడుకి పది నిమిషాలు. సిన్యోరా, ఈ పటంలో మ్యూజియాలన్నీ అటు వైపున్నాయి. మనం ఇటు..."

"ఆ పటం గీసినవాడు ఈ ఊళ్ళో పుట్టాడా?"

నీవెస్ పటం మడిచి సంచీలో పెట్టేసింది. ముందు ఇళ్ళు తగ్గాయి, తర్వాత దుకాణాలు. యాత్రికులు ఎప్పుడో వెనకబడ్డారు. ఎత్తయిన ఇటుక గోడ ఒకటి మొదలైంది, ఎంత నడిచినా అయిపోదు. దాని చివర గడ్డి పెరిగిన చిన్న ఆవరణ, అందులో మూసి ఉన్న తలుపు, పక్కన గంట తాడు.

"ఇదేమిటి?"

"సన్యాసినుల మఠం. లోపల గోడల మీద ఏడొందల ఏళ్ళ నాటి బొమ్మలున్నాయి. మూడింటికి తెరుస్తారు. చూడ్డానికే కదా నువ్వొచ్చింది?"

ఆర్జియా గంట తాడు లాగి, చేత్తో జుట్టు సవరించుకుంది. కోటు మీద దుమ్ము దులుపుకుంది. తర్వాత ఇంకోసారి జుట్టు సవరించుకుంది. నీవెస్ అదంతా గమనించింది. బొమ్మలు చూడబోయే మనిషి అలా ముస్తాబవదు.

తలుపు తెరిచిన సన్యాసినికి అరవై ఏళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. నల్ల ముసుగు. ఏదో పనిలోంచి లేచొచ్చినట్టుంది, చేతిలో ఉన్న గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటోంది. చిటికెన వేలితో మొదలుపెట్టి, బొటనవేలి దాకా, ఒక్కొక్కటే.

నీవెస్ ఆ చేతుల వైపే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా!" అంది సన్యాసిని. అని, పక్కనున్న కొత్త మనిషిని చూసి, "రండి సిన్యోరా," అంది తల్లితోనే తగ్గు గొంతుతో, పరాయి ఆవిడని మర్యాదగా పిలిచినట్టు. కాని చెయ్యి అప్పటికే ఆర్జియా కనుబొమ మీదున్న మచ్చ మీదికి వెళ్ళింది. "కుట్లు బాగానే మానాయి. మూడు వారాలమ్మా! రోజూ గంట మోగినప్పుడల్లా నేనే పరిగెత్తుకొచ్చాను."

"నడవాల్సొచ్చింది. ఒక్కదాన్నీ రాలేకపోయాను. ఈ అమ్మాయి చెయ్యి దొరికింది."

ఆ తర్వాత సన్యాసిని తన పని తాను చేసింది. వచ్చినవాళ్ళకి బొమ్మలు చూపించడం ఆమెకి అప్పగించిన పని. చేతిదీపం ఎత్తి, గోడ మీద ఒక్కొక్క కథా చెబుతూ పోయింది. నీవెస్ శ్రద్ధగానే విన్నది, ఆ నీలం రంగు అంత కాలం ఎలా నిలిచిందని అడిగింది కూడా. కాని బల్ల మీద కూర్చున్న ఆర్జియా ఒక్క బొమ్మ కూడా చూడలేదు. దీపం పట్టుకున్న ముఖాన్నే చూస్తూ కూర్చుంది. వెళ్ళేముందు చేతిసంచీలోంచి కాగితంలో చుట్టిన రెండు మాగిన పియర్ పళ్ళు తీసి కూతురి చేతిలో పెట్టింది.

*

బయట ఆవరణలో ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. నీవెస్ ఏమీ అడగలేదు. సరైన సమయంలో ఊరుకుంటే పెట్టెలు వాటంతటవే తెరుచుకుంటాయని ఆమెకి తెలుసు.

"దెలియా. నా పెద్దది," అంది ఆర్జియా చివరికి. "ఇక్కడ సిస్టర్ ప్లాచిదా అంటారు. నాకు ఆ పేరు నోరు తిరగదు."

"లోరెదానా ఒకసారి చెప్పింది, ఆడపడుచు ఎక్కడో కొండల్లో..."

"ఉంబ్రియా కొండల్లో. ఇరవై రెండో ఏట వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న దాని ఫొటో గోడవైపు తిప్పేశాడు. అప్పటికి ఇవానోకి పందొమ్మిది. జెనోవాలో ఓడలు కట్టే చదువుకి సీటు వచ్చింది వాడికి. ఆ చలికాలమే ఆయనకి గుండెజబ్బు వచ్చింది. వీడు సీటు వదిలేసి నాన్న షాపులో పానా పట్టుకున్నాడు. అక్క ఇంట్లో ఉండుంటే వాడు వెళ్ళేవాడు. ఆ మాట వాడు ఎప్పుడూ అనలేదు. అనకపోవడమే ఎక్కువ."

"మరి ఆయన పోయినప్పుడు?"

"పన్నెండేళ్ళయింది. వాడే ఫోన్ చేశాడు, తంతి కూడా ఇచ్చాడు. అది రాలేదు. ఆ రోజు నుంచి వాడు కూడా ఆ పేరెత్తలేదు."

"ఎందుకు రాలేదు?"

ఆర్జియా లేచి నిలబడే ప్రయత్నం చేసింది, మోకాలు ఒప్పుకోలేదు. "ఆ కొండల్లో మఠంలో చివరికి ఐదుగురే మిగిలారు. దాన్ని మూసేసి వీళ్ళని తలోచోటుకీ పంపారు. ఇది ఇక్కడికొచ్చింది, మా ఇంటికి సైకిలు మీద పావుగంట దూరానికి. ఊళ్ళోవాళ్ళెవరు ఈ బొమ్మలు చూడ్డానికి వస్తారు? అంతా పై ఊళ్ళవాళ్ళే. అందుకని ఎవరికీ తెలియదు."

అడిగిన దానికి జవాబు రాలేదని నీవెస్ గమనించింది.

"లోరెదానాకి చెప్పొచ్చు కదా? బాధపడుతోంది."

"అది మంచిది. మొగుడి దగ్గర ఏదీ దాచలేదు. దాని నెత్తిన ఈ బరువెందుకు?"

"మరి నా నెత్తిన?"

"నువ్వు శుక్రవారం వెళ్ళిపోతావు," అంది ఆర్జియా. "మాటివ్వు."

నీవెస్ ఇచ్చింది. ఇచ్చిన మరుక్షణమే లోరెదానా ముఖం గుర్తొచ్చింది.

*

"ఏమేం చూశారు?" లోరెదానా ఆఫీసు నుంచి వచ్చి కోటైనా విప్పలేదు.

"కోట. పెద్ద చర్చి. కమానుల వీధి."

"తర్వాత?"

"తర్వాత... గోడలు."

"ఏ గోడలు?"

"పాతవి."

లోరెదానా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పదువాలో నా గళ్ళ స్కర్టు కాల్చేసి, తప్పు ఇస్త్రీ పెట్టెదన్నావు చూడు, అప్పుడు కూడా నీ చెవులు ఇలాగే ఎర్రబడ్డాయి. ఎక్కడికి తీసుకెళ్ళిందే?"

"లోరే, నేను మాటిచ్చాను."

"ఎవరికి? ఆవిడకా?"

నీవెస్ తల దించుకుంది.

"నలభై ఏళ్ళ స్నేహం నాది. ఒక్క మధ్యాహ్నం పరిచయం ఆవిడది. నా ఇంట్లో పడుకుని, నా వంట తిని, నా దగ్గరే దాస్తావా?"

"నువ్వు కోప్పడినా రేపో ఎల్లుండో నాతో మాట్లాడతావని తెలుసు. అందుకే నీ దగ్గర దాస్తున్నాను."

లోరెదానా కుర్చీ వెనక్కి నెట్టింది. లేచి, ఆరిపోయిన పళ్ళేన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు తిట్టు కంటే ఎక్కువగా ఉంది.

గుమ్మంలో ఇవానో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. "నీవెస్‌గారూ, రేపు పొద్దున ఒకసారి షాపుకి రండి," అన్నాడు. "ఊరు చూడ్డానికి సైకిలిస్తాను."

*

షాపు సన్నగా, పొడుగ్గా, రబ్బరు వాసనతో ఉంది. వెనక గోడకి ఆకుపచ్చ సైకిలు. ముందు బుట్టలో ఎండిపోయిన ఆకు ఒకటి ఇంకా అలాగే ఉంది. ఇవానో ఆమెకి స్టూలు వేసి, తను నేల మీద ఒక చక్రం ముందేసుకుని కూర్చున్నాడు. పని చేస్తూ మాట్లాడితే ముఖం చూడక్కర్లేదు కదా.

"మా అమ్మ నిన్న మిమ్మల్ని మఠానికి తీసుకెళ్ళింది."

నీవెస్ ఆకుపచ్చ సైకిలు వైపు చూపు తిప్పుకుంది.

"మీరేం చెప్పక్కర్లేదు. మాటిచ్చానన్నారు, విన్నాను. నేను చెబుతాను, మీరు వినండి. అమ్మ పడింది ఆ మఠం ముందే. దారినపోయే వాళ్ళెవరో ఫోన్ చేశారు. నేను వెళ్ళేసరికి, ఒక సన్యాసిని వీధి మధ్యలో నేల మీద కూర్చునుంది. అమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, ముసుగు అంచుతో నెత్తురు ఒత్తుతోంది." చక్రం గిర్రున తిప్పి వదిలాడు. "ముప్ఫై ఎనిమిదేళ్ళయింది చూసి. వెనక నుంచే గుర్తుపట్టాను."

"మీతో మాట్లాడారా?"

"నన్ను చూసింది. అమ్మ తల మెల్లగా మడిచిన కోటు మీద పెట్టింది. లేచి లోపలికెళ్ళిపోయింది. అమ్మకి స్పృహ సరిగా లేదు, నేను చూశానని ఆవిడకి తెలియదు."

"మీరు పిలిచారా?"

ఇవానో చేతిలో చక్రం ఆగింది. "లేదు."

చక్రం పక్కకి జరిపి అన్నాడు. "మళ్ళీ పడుతుందన్న భయం నిజమే. అదొక్కటే అయితే గొలుసు వేసేవాణ్ణి కాదు. నాన్న పోతున్నాడంటే గుమ్మం దాటని మనిషి, అమ్మ కోసం నడివీధిలోకి వచ్చింది. అది చూశాక నాకు తల తిరిగిపోయింది. కోపమో, ఇంకోటో, ఇప్పటికీ తెలియదు." గుడ్డ తీసుకుని వేళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. "ఎలా ఉంది అక్క?"

"వేళ్ళు మీలాగే తుడుచుకుంటారు," అంది నీవెస్. ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

ఇవానో తన చేతుల వైపు చూసుకున్నాడు, ఎవరి చేతులో చూస్తున్నట్టు. "అది నాన్న అలవాటు," అన్నాడు. గుడ్డ పక్కన పెట్టి, "ఆ బొమ్మలు నేనెప్పుడూ చూడలేదండీ. ఎలా ఉంటాయి?" అని అడిగాడు.

"నేను చెప్పేవి కావు. మీరు చూడాలి. కాని దానికంటే ముందు, లోరెదానాకి చెప్పండి. అది నా నోటి నుంచి రాకూడదు."

అతను లేచి నడుము దగ్గర తాళంచెవి తీశాడు.

*

భోజనాల వేళకి ముందు, భార్యాభర్తలు పెరట్లో నిలబడి ఉండడం వంటింటి కిటికీలోంచి నీవెస్ చూసింది. మాటలు వినపడలేదు. లోరెదానా చేతిలో తుండుగుడ్డతో అతని భుజం మీద రెండు దెబ్బలేసింది. మూడోది వెయ్యబోయి, ఆ భుజం మీదే తల ఆన్చింది. లోపలికొచ్చాక నీవెస్ పక్కనుంచి పోతూ, "నీ చెవులు ఇవాళ మామూలు రంగులోనే ఉన్నాయి," అని మాత్రం అంది.

బల్ల దగ్గర ఆర్జియా యథాప్రకారం నీవెస్ వైపు తిరిగింది. "అమ్మాయ్, చెప్పు వీడితో..."

"అమ్మా," అన్నాడు ఇవానో. "ఆ మఠంలో బొమ్మలు ఇవాళ నాకు చూపిస్తావా?"

ఆర్జియా చెంచా పళ్ళెంలోకి జారింది. ఆవిడ చూపు సూటిగా నీవెస్ మీదికి వెళ్ళింది.

"ఆవిడ చెప్పలేదు. నేనే చూశానమ్మా. నువ్వు పడ్డ రోజునే."

లోరెదానా అత్తగారి గ్లాసులో నీళ్ళు పోసింది, నిండిపోతున్నా చూసుకోలేదు.

ఆర్జియా కొడుకు ముఖంలోకి చూసింది, మూడు వారాల తర్వాత మొదటిసారి. "కోటు వేసుకో," అంది. "లోపల చలిగా ఉంటుంది."

*

ఆ మధ్యాహ్నం షాపు మూడింటికి మళ్ళీ తెరవలేదు. ఆకుపచ్చ సైకిలుని ఇవానో నడిపించుకుంటూ వచ్చాడు. ఆర్జియా దాని సీటు మీద చెయ్యేసి నడిచింది. రెండో పక్క నీవెస్. లోరెదానా రాలేదు. "ఆ గుమ్మం ముందు మీరు దాటండి. నా వంతు తర్వాత," అంది.

గంట తాడు ఆర్జియానే లాగింది. తలుపు తెరుచుకుంది.

సిస్టర్ ప్లాచిదా చూపు తల్లి మీంచి నీవెస్ మీదికి, నీవెస్ మీంచి ఆ వెనకున్న మనిషి మీదికి పోయి ఆగింది.

"బొమ్మలు చూడ్డానికొచ్చాను," అన్నాడు ఇవానో.

"రండి," అంది ఆమె. "మెట్టుంది, చూసుకోండి."

తమ్ముణ్ణి 'మీరు' అంది. నిన్న నీవెస్‌కి చెప్పిన మాటలే, అదే వరసలో, అదే గొంతుతో చెబుతూ పోయింది. ఈ గోడ ఫలానా కాలానిది. ఇక్కడ తేమ వల్ల రంగు పొంగింది. ఇది బైబిలులోని పసిపిల్లల వధ. ఇవానో టోపీ చేతిలో పట్టుకుని ప్రతిదానికీ తలాడించాడు. ఆర్జియా బల్ల మీద కూర్చుంది. పక్కన కూర్చున్న నీవెస్‌కి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది.

ఒక బొమ్మ దగ్గర దీపం ఆగింది. శిలువకి నిచ్చెన వేసి ఉంది. క్రీస్తు దాని మెట్లెక్కుతున్నాడు.

"ఈయన్ని ఎవరూ తొయ్యడం లేదే?" అన్నాడు ఇవానో.

"లేదు. తనంతట తనే ఎక్కుతున్నాడు. ఇలాంటి బొమ్మ అరుదంటారు."

"మరి కింద నిచ్చెన పట్టుకున్నదెవరు?"

ఆమె దీపం కిందికి దించింది. అక్కడ సున్నం పెచ్చులూడిపోయి బోడి ఇటుక కనపడుతోంది. "ఇక్కడ రంగు పోయింది. ఎవరో ఒకరు ఉండే ఉంటారు. నిచ్చెన దానంతటది నిలబడదు కదా."

"వాళ్ళ గురించి ఎవరూ చెప్పరా?"

"వచ్చినవాళ్ళంతా పైనున్న ఆయన గురించే అడుగుతారు," అంది ఆమె. గొంతులో అంతసేపూ ఉన్న వరస తప్పింది. "ఇన్నాళ్ళలో కింద ఎవరని అడిగింది మీరొక్కరే."

ఇవానో చేతిలో టోపీ నలిగిపోతోంది. "చివరి మూడు రోజులూ నాన్న తలుపు వైపే చూస్తూ పడుకున్నాడు," అన్నాడు.

దీపం ఒక్కసారి ఊగింది. గోడ మీద నిచ్చెన నీడలా కదిలి ఆగింది. లోపలెక్కడో ప్రార్థన గంట మోగింది, సన్నగా, తొందరపెడుతున్నట్టు.

"సమయం అయిపోయింది," అంది ఆమె. ముందు నడిచి వాళ్ళని గుమ్మం దాకా తెచ్చింది. తల్లిని దాటించింది. నీవెస్‌ని దాటించింది. ఇవానో దాటబోతుంటే అతని కోటు చెయ్యి రెండు వేళ్ళతో పట్టుకుంది.

"రేపు ఇదే వేళకి రా," అంది. "అమ్మని తీసుకురాకు. నువ్వొక్కడివే రా. నాన్న నాకు రాసిన ఉత్తరం ఒకటుంది. అది నువ్వు చదవాలి."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడ్డ చప్పుడయింది.

ఇవానో అక్కడే నిలబడిపోయాడు. "నాన్న రాయడమేమిటి? ఫొటో తిప్పేసినవాడు, పేరెత్తనివ్వనివాడు..." అని గొణుక్కుంటూ తల్లి వైపు తిరిగాడు. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు. అది చూసి అతని మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఏ ఉత్తరం, అమ్మా?"

ఆర్జియా కోటు బొత్తాలు పెట్టుకుంటోంది, కింద నుంచి పైకి, ఒక్కొక్కటే. అన్నీ అయ్యాక తలెత్తింది.

"రావద్దని మీ నాన్న రాసింది," అంది. "పోస్టు చేసింది నేనే."